రాత్రి మిగిలే అన్నానికి మా ఇంట్లో దొరికిన ఉపాయం

ఐదుగురున్న ఇంట్లో రోజూ అన్నం, కూరలు మిగిలి చెత్తబుట్టలో పడుతున్నాయనీ, వండే పెద్దవారిని నొప్పించకుండా దీన్ని ఎలా తగ్గించాలనీ మీరు అడిగారు. కూకట్‌పల్లిలో అత్తమామలతో కలిసి ఉంటున్న మా ఇంట్లోనూ మొన్నమొన్నటి వరకూ ఇదే పరిస్థితి.

ముందుగా ఒక వారం పాటు ఏ పూట ఎంత పారేస్తున్నామో క్యాలెండరు మీద రాసి పెట్టాను. కూరల కంటే అన్నమే ఎక్కువగా పోతోందనీ, అదీ రాత్రిపూటేననీ అప్పుడు తెలిసింది. పూటకు నాలుగు గ్లాసుల బియ్యం పోయడం అత్తగారికి ఏళ్లనాటి అలవాటు. షుగరు వచ్చాక మామగారు రాత్రి జొన్నరొట్టెకు మారినా, మావారు వారానికి మూడు రోజులు ఆఫీసులోనే తిని వస్తున్నా, ఆ కొలత మాత్రం మారలేదు. గ్లాసు బియ్యం సుమారు మూడు గ్లాసుల అన్నమవుతుంది కాబట్టి, అదనంగా పోసిన ఒక్క గ్లాసే ఇద్దరి భోజనమంత మిగులుతుంది.

ఎందుకింత వండుతున్నారని అడిగితే, వేళకాని వేళ ఎవరైనా వస్తే గిన్నె ఖాళీగా ఉండకూడదు కదా అన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేకపోయాను, ఎందుకంటే ఊరి నుంచి మావాళ్లు నిజంగానే చెప్పకుండా వస్తుంటారు. అందుకే అదనపు అన్నానికి బదులు ఫ్రిజ్‌లో దోసెల పిండి, డబ్బాలో అటుకులు ఎప్పుడూ ఉండేలా చూసుకుంటున్నాం. సాయంత్రం ఐదింటికి, రాత్రి ఇంట్లో తినేదెవరో వాట్సాప్‌లో అడిగి, ఆ లెక్కనే అత్తగారు బియ్యం కడుగుతున్నారు. చాలా రోజులు రెండు గ్లాసులతోనే సరిపోతోంది. బాబుకు కొద్దిగా పెట్టి మారు వడ్డించడం వల్ల కంచంలో వదిలేయడం కూడా తగ్గింది.

అయినా మిగిలితే అన్నాన్ని తెల్లవార్లూ బయట ఉంచకండి. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు వండినా చావవు. బయటి వేడికి అవి మొలకెత్తి వెలువరించే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వెడల్పాటి పళ్లెంలో పరిచి, వేడి తగ్గగానే, ఎలాగూ రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. మన మే నెల ఎండల్లో గంటకు మించి ఆగకపోవడమే మేలు. మర్నాడు దాన్ని పులిహోర కలుపుతాం. మిగిలిన రొట్టెలను బెల్లం, నెయ్యితో మలీద ముద్దలు చేస్తే, సద్దుల బతుకమ్మ దాకా ఆగనక్కర్లేదని బాబు సంబరపడతాడు.

పండుగల నాడు మాత్రం లెక్క ఇప్పటికీ తప్పుతోంది. ఎక్కువైందనిపిస్తే మేము తినకముందే, వేడిగా ఉండగానే వాచ్‌మన్ ఇంటికి పంపుతున్నాం. మర్నాడు పాచిది ఇవ్వడం నాకు సమ్మతం కాదు.