తీగల మీద చెట్టు పడితే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉద్దానంలో తోట బాధ్యత ఇక నీదేనని అక్క చెప్పింది. సంతోషం. కొబ్బరికి ఎరువు ఎంత వేయాలో నన్ను అడగకు. కరెంటు లైన్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ని, తీగల సంగతి చెబుతాను. తుపాన్ల అక్టోబరు వస్తోంది కదా.

ఊరంతా చీకటిగా ఉంది కాబట్టి కింద పడ్డ తీగలోనూ కరెంటు లేదనుకుంటారు జనం. ప్రాణాలు పోయేది ఆ ధీమాతోనే. 11 కేవీ (11,000 వోల్టుల) తీగ తెగిపడితే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ట్రిప్ కావాలి, అంటే దానంతటదే కరెంటు ఆపేయాలి, నిజమే. కానీ మీది ఇసుక నేల. పొడి ఇసుకలోకి కరెంటు సరిగ్గా దిగదు. అంత కొద్దిపాటి కరెంటును రిలే, అంటే లోపాన్ని కనిపెట్టి బ్రేకర్‌ను ఆపించే పరికరం, పసిగట్టకపోవచ్చు. మంట ఉండదు, చప్పుడూ ఉండదు, తీగ మాత్రం బతికే ఉంటుంది. ఒకవేళ ట్రిప్ అయినా, లోపం పోయిందేమో చూద్దామని ఆపరేటర్ లైనుకు మళ్లీ కరెంటు ఇవ్వవచ్చు.

దీనికి తోడు జనరేటర్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మీ వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మంచినీళ్ల మోటారు కోసం ఎవరో ఒకరు జనరేటర్ తెచ్చి, మెయిన్ స్విచ్ దించకుండానే ఇంటి వైరింగుకు కలిపేస్తారు. ఆ 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి ఎక్కి, అవతల 11,000 వోల్టులు కాగలవు. తుపాను పనికి వేరే జిల్లాల నుంచి వచ్చిన సిబ్బందికి ఏ ఇంట్లో జనరేటర్ ఉందో ఎలా తెలుస్తుంది? నువ్వు తెచ్చుకుంటే చేంజోవర్ స్విచ్ (ఇంటిని లైనుకో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపేది) పెట్టించాకే వాడు. పక్కింటివాళ్లకూ చెప్పు. విసుక్కుంటే విసుక్కోనీ.

చెట్టు పడిందని తెలియగానే నీ పని జనాన్ని ఆపడం. కనీసం 10 మీటర్ల దూరం, నేల తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. పడిన కొమ్మ, దానికి చుట్టుకున్న కేబుల్ టీవీ వైరు, తోట చుట్టూ ఉన్న ముళ్లకంచె, అన్నీ తీగతో సమానమే. తీగ ఒకచోట కంచెను తాకితే ఎక్కడో చివర కట్టేసిన ఆవు చచ్చిపోవచ్చు. తీగకు దగ్గరలో ఉన్నట్టు ఆలస్యంగా గమనించావనుకో, పరుగెత్తకు. రెండు పాదాలూ ఒకదానికొకటి ఆనించి ఉంచి, ఎత్తకుండా నేల మీద ఈడ్చుకుంటూ బయటికి రా. నేలలో పాకే కరెంటు రెండు పాదాల మధ్య వోల్టేజీ తేడా దొరికితే కాళ్ల గుండా పోతుంది.

1912కు ఫోన్ చెయ్యి. ‘మా తోట దగ్గర’ అంటే ఎవరికీ అర్థం కాదు. స్తంభం నంబరు దూరం నుంచి కనిపిస్తే అది, లేకపోతే దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ గుర్తు చెప్పు. సబ్‌స్టేషన్ నంబరు ఇప్పుడే ఫోనులో పెట్టుకో.

ఎవరికైనా షాక్ కొడితే ఎండుకర్రతో నెట్టమని పెద్దలు చెబుతారు. వానలో తడిసిన కర్ర 11 కేవీ దగ్గర నిన్నూ చంపుతుంది. సరఫరా ఆగిందని సబ్‌స్టేషన్‌వాళ్లు చెప్పేవరకు ముట్టుకోకు. ఈలోగా 108కి చెప్పు.

రంపం మిషన్ ఉన్న కుర్రాళ్లు ‘నిమిషంలో కోసేస్తాం’ అంటూ వస్తారు. వాళ్లను గట్టిగా ఆపు. కొబ్బరిచెట్టు బరువుకు తీగలు వింటినారిలా సాగి ఉంటాయి. మొదలు తెగగానే మానును ఎగరేస్తాయి. అది ఎటు తిరుగుతుందో కోసేవాడికీ తెలియదు. పగుళ్లిచ్చిన సిమెంటు స్తంభం అప్పుడే కూలవచ్చు. లైన్‌మన్ వచ్చి లైన్ క్లియర్ (లైను ఆపి పనిచేసుకోమని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకుని, స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, తీగల్లో కరెంటు లేదని పరీక్షించి, మూడు తీగలనూ కలిపి పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ చేయాలి, అంటే నేలకు కలపాలి. ఎర్త్ రాడ్లు తగిలించడం నీ కళ్లతో చూశాకే, ఆయన చెప్పాకే, మనుషులను చెట్టు దగ్గరికి పంపు. ‘కరెంటు తీసేశారట’ అన్న కబురుతో కాదు.

నష్టం నమోదుకు వచ్చేవాళ్లకు చూపించడానికి పడిన చెట్ల ఫొటోలు కోయించకముందే, దూరం నుంచే తీసిపెట్టుకో. తోటలో తిరిగి మొక్కలు వేసేటప్పుడు లైను కింద కొబ్బరి వద్దు. పెరిగిన చెట్టు పడినా తీగ అందనంత దూరం వదులు. ఆ ఖాళీలో కంద వేసుకోవచ్చని అక్క అంటోంది.

ఇట్లు,
మామయ్య