పెరట్లో పూడ్చాలా, దహనం చేయించాలా?

ప్రశ్న: మా కుక్క చివరి దశలో ఉంది. పెరట్లో పూడ్చవచ్చా, దహనం మేలా?

జవాబు: ప్రాణం దానంతటదే పోతుందా, డాక్టరు ఇంజెక్షన్‌తోనా అన్నది ముందు చూడాలి. ఆ ఇంజెక్షన్‌లో వాడే పెంటోబార్బిటాల్ అనే మందు శరీరంలో, మట్టిలో చాలాకాలం ఉంటుంది. తవ్వి తిన్న జంతువులూ చనిపోవచ్చు. కాబట్టి ఇంజెక్షన్ ఇస్తే దహనమే మంచిది. రేబిస్ అనుమానముంటే అసలు ముట్టుకోకుండా పశువైద్యుడికి చెప్పండి.

పూడ్చాలంటే స్థానిక నిబంధనలు కనుక్కోండి. శరీరంపైన కనీసం 3 అడుగుల మట్టి పడేలా గొయ్యి తీయాలి. బావికి, బోరుకు బాగా దూరంగా, నీరు ఊరని చోట. ప్లాస్టిక్‌లో చుడితే గాలాడక కుళ్లడం ఏళ్లు పడుతుంది; నూలుగుడ్డ చాలు. నేల తర్వాత కుంగుతుంది కాబట్టి మట్టి గుట్టగా పోయండి.

దహనమైతే, బూడిద కావాలంటే వేరే జంతువులతో కలపకుండా ‘విడిగా’ చేయమని ముందే అడగండి. దాన్ని మొక్క మొదట్లో నేరుగా పోయకండి, ఉప్పు, క్షారం ఎక్కువై మొక్క దెబ్బతింటుంది.