షంట్ ఉన్న బాబుకు పొద్దున్నే వాంతులా? సెన్సర్ సంగతి తర్వాత, ముందు ఆస్పత్రికి

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. మెదడులో నీరు చేరిందని ఎనిమిదో నెలలో షంట్ (ఆ నీటిని తల నుంచి కిందికి పారించే సన్నని ట్యూబ్) వేశారు. షంట్‌లో నీరు పారుతోందో లేదో మెడ మీద అంటించే సెన్సర్‌తో తెలుసుకోవచ్చని చదివాను. అది గుంటూరులో గానీ విజయవాడలో గానీ దొరుకుతుందా? పిల్లల మీద పరీక్షించి చూస్తుంటే మా వాణ్ని చేర్చవచ్చా? నాలుగు రోజులుగా పొద్దున్నే వాంతులు, విరేచనాలు లేవు, కాస్త మగతగా ఉంటున్నాడు. మెడికల్ షాపు సిరప్ వేస్తే తగ్గి, మళ్లీ వస్తున్నాయి. జూన్‌లో నర్సరీలో వేయవచ్చా? - ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీరు సెన్సర్ గురించి ఇంత రాసి వాంతుల్ని చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు, నాకు మాత్రం టెన్షన్ అంతా దాని గురించే. ఈ జవాబు వచ్చేదాకా మీరు ఆగి ఉండరనే అనుకుంటున్నాను. ఆగి ఉంటే ఇప్పుడే బయలుదేరండి. షంట్ ఉన్న పిల్లాడికి విరేచనాలు లేకుండా పొద్దున్నే వాంతులవుతూ మగత కూడా ఉంటే, షంట్ మూసుకుపోలేదని రుజువయ్యేదాకా మూసుకుపోయిందనే అనుకోవాలి. రాత్రంతా పడుకుని ఉండటం వల్ల తలలో ఒత్తిడి పెరుగుతుంది, అందుకే తెల్లవారుజామున వాంతి. మామూలు వైరల్ కూడా కావచ్చు, చూడకుండా నేను తేల్చి చెప్పలేను. కానీ అది ఆస్పత్రిలో తేలాలి, మెడికల్ షాపులో కాదు.

ఆ సిరప్ గురించి రెండు మాటలు. వాంతులు ఆపే మందు వాంతిని ఆపుతుందంతే, తలలో ఒత్తిడిని తగ్గించదు. పైకి తగ్గినట్టు కనిపిస్తుంది, మనం ఇంకో రోజు చూద్దాం అనుకుంటాం, ఈలోగా చూపు నరం దెబ్బతినొచ్చు, పిల్లాడు స్పృహ కోల్పోవచ్చు. షాపతనికి తల వెనక షంట్ ఉందని చెప్పారా? చెప్పి ఉండరు. అతనికి తెలిసే వీలూ లేదు. దిష్టి తీయించుకుంటే తీయించుకోండి గానీ, దాని కోసం ఒక రోజు ఆగకండి. చెవి వెనక ఉండే షంట్ వాల్వును (నీరు పారడాన్ని అదుపు చేసే భాగం) నొక్కి చూడటం కూడా వద్దు.

గుంటూరు జీజీహెచ్‌కి (ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి) గానీ ముందు ఆపరేషన్ చేసిన చోటికి గానీ వెళ్లండి, న్యూరోసర్జన్ ఉండాలి. లేపినా సరిగా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, కళ్లు కిందికి దిగి తెల్లగుడ్డు పైన కనిపిస్తున్నా 108కి ఫోన్ చేయండి. పాత సీటీ ఫిల్ములు, డిశ్చార్జి కాగితాలు తప్పక పట్టుకెళ్లండి, ఎందుకంటే కొందరు పిల్లల్లో షంట్ ఆగినా సీటీలో పెద్ద తేడా కనిపించదు, పాతదానితో పోల్చి చూడాలి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి దారిలో ఏమీ తినిపించకండి. జ్వరం ఉన్నా, ట్యూబ్ వెంబడి చర్మం ఎర్రబడినా ఆ మాట చెప్పండి, ఇన్ఫెక్షన్ కావచ్చు.

ఇక సెన్సర్. కాలర్ ఎముక దగ్గర షంట్ ట్యూబ్ చర్మం కిందే ఉంటుంది. దాని మీద పట్టీలా అంటించి కొద్దిగా వేడి చేస్తారు, లోపల నీరు పారుతుంటే పై వైపు కన్నా కింది వైపు ఎక్కువ వేడెక్కుతుంది. అంతకుముందు ఐసు పెట్టి చల్లదనం కిందికి ఎంత జారిందో కొలిచేవాళ్లు. ఈ వేడి పద్ధతి పట్టీని అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు అయిదుగురు రోగుల మీద పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. మంచి ఆలోచనే. చిక్కేమిటంటే షంట్‌లో నీరు ఎప్పుడూ ఒకేలా పారదు, ఆగి ఆగి పారుతుంది, పడుకుంటే ఒకలా, కూర్చుంటే ఒకలా. బాగా పనిచేస్తున్న షంట్‌లో కూడా ఓ క్షణం ‘నీరు లేదు’ అని రావచ్చు. మూడేళ్లవాడు కదలకుండా ఉంటాడా, ఏడిస్తే లెక్క మారదా అన్నవి పిల్లల మీదే తేల్చాల్సినవి. పట్టీ చెప్పిందాన్ని లక్షణాలతో, స్కానింగ్‌తో కలిపి చూడాలి తప్ప, అదొక్కటే చూసి ఇంటికి పంపేయడం నాకైతే ఇష్టం లేదు. ఆన్‌లైన్‌లో ఏదో దొరికిందని కొని అంటించకండి.

ట్రయల్‌లో చేర్చడం తప్పేం కాదు, ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐ (మన దేశంలో ఇలాంటి ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు ఉన్నాయా అని అడిగి, కాగితం పూర్తిగా చదివాకే సంతకం చేయండి. అది కూడా బాబు కుదుటపడ్డాకే.

నర్సరీకి పంపవచ్చు, సర్జన్ సరేనన్నాక. షంట్ ఉందని, వాంతి గానీ తలనొప్పి గానీ మగత గానీ ఉంటే వెంటనే మీకు ఫోన్ చేయమని టీచరుకు రాసివ్వండి.