వేలంలో కొన్న పాత సైకిలును తిరిగి ఇచ్చేయవచ్చా?

ప్రశ్న: నేను నల్లగొండలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. మా నాన్నగారు నాగార్జునసాగర్ డ్యాం కడుతున్న రోజుల్లో రోజూ సైకిలు మీదే పనికి వెళ్లి మమ్మల్ని చదివించారు. ఆయన గుర్తుగా 2025 మార్చిలో హైదరాబాద్‌లోని ఒక వేలం సంస్థ నుంచి ఒక పాత సైకిలు కొన్నాను. కేటలాగులో ‘1955 నాటిది, ఇంగ్లండులో చేత్తో కట్టిన ఫ్రేమ్, రేనాల్డ్స్ 531 బటెడ్ గొట్టాలు, భాగాలన్నీ అసలువే’ అని ఉంది. (531 బటెడ్ అంటే గోడ పలుచగా ఉండే మేలురకం ఉక్కు గొట్టాలట.) 1,60,000 రూపాయలకు పాడి, కమీషనుతో కలిపి 1,84,000 చెల్లించాను. వేలానికి ముందు సైకిలును చూసుకోవడానికి రెండు రోజులు అవకాశం ఇచ్చారు కానీ నేను వెళ్లలేదు. ఇంటికి వచ్చాక కొత్త స్పోకులతో చక్రాలు కట్టించాను, సీటు మార్పించాను. జూన్‌లో పానగల్లు దాకా తొక్కి ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టాను. నవంబరులో మెకానిక్ సీటు రాడ్డు తీసి కొలిస్తే 25.4 మిల్లీమీటర్లు వచ్చింది. వెనక చక్రం మధ్యలో ఉండే హబ్ మీద 72 అనే అంకె ఉంది. ఫోన్ చేసి అడిగితే, ఉన్నది ఉన్నట్టుగా అమ్మామని సంస్థ వారు అన్నారు. మహబూబ్‌నగర్‌లో ఒకరు అదే కేటలాగు చూపిస్తే కొంటారని మిత్రుడు చెబుతున్నాడు. సైకిలు వాపసు చేసి, మనోవేదనకు 5 లక్షలు కలిపి రాబట్టుకోవచ్చా?

జవాబు: మీ నాన్నగారి జ్ఞాపకం మీద ఈ కేసు తేలదు. మార్చిలో సైకిలు ఇంటికి చేరినప్పటి నుంచి నవంబరు దాకా మీరు దానితో ఏం చేశారన్నదే ఇందులో కీలకం.

కేటలాగులోని వర్ణనను నమ్మి కొన్న వస్తువు ఆ వర్ణనకు సరిపోయి తీరాలన్నది వస్తువుల విక్రయ చట్టం, 1930లోని 15వ సెక్షన్ విధించే షరతు. ఆ షరతు తప్పితే వస్తువును తిరస్కరించే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది. అయితే ఆ హక్కు వస్తువును స్వీకరించేంత వరకే నిలుస్తుంది. ‘నాకు సమ్మతమే’ అని చెప్పినా, అమ్మినవారి యాజమాన్యానికి విరుద్ధమైన పని ఏదైనా చేసినా, సమంజసమైన వ్యవధి దాటే దాకా తిరస్కరిస్తున్నానని తెలపకుండా అట్టే పెట్టుకున్నా స్వీకరించినట్టేనని 42వ సెక్షన్ చెబుతోంది. మీరు చక్రాలు విప్పించి కట్టించారు, సీటు మార్చారు, తొక్కారు, ఎనిమిది నెలలు ఊరుకున్నారు. ఫేస్‌బుక్‌లో మీరు పెట్టిన ఫొటోలనే అవతలి న్యాయవాది మొదటి సాక్ష్యంగా చూపిస్తాడు. స్వీకరించిన తర్వాత షరతు ఉల్లంఘన వారంటీ (తప్పితే వస్తువు వాపసు కాకుండా నష్టపరిహారం మాత్రమే దక్కే హామీ) ఉల్లంఘన స్థాయికి తగ్గిపోతుందని 13వ సెక్షన్ అంటుంది. అంటే సైకిలు తిరిగి ఇచ్చే దారి దాదాపు మూసుకుపోయింది. చెప్పిన సైకిలు విలువకూ, మీ చేతికి వచ్చిన సైకిలు విలువకూ మధ్య ఉన్న తేడాను 59వ సెక్షన్ కింద నష్టపరిహారంగా అడిగే దారి మాత్రం తెరిచే ఉంది.

లక్షన్నర దాటిన వస్తువును చూసుకోవడానికి రెండు రోజులు ఇస్తే, నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు ఒక్క పూట ప్రయాణం చేయకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. తప్పుడు మాట నమ్మి ఒప్పందం చేసుకున్నాను కాబట్టి రద్దు చేయండని కాంట్రాక్టు చట్టం, 1872లోని 19వ సెక్షన్ కింద అడిగితే, మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలు మీకు ఉండింది కదా అన్న ఎదురు ప్రశ్న వస్తుంది. తెలిసీ మోసం చేశారని రుజువైతే లెక్క వేరు కానీ, వారికి ముందే తెలుసని చెప్పే కాగితం ఒక్కటీ మీ దగ్గర లేదు.

ఇక సాక్ష్యం సంగతి. మీరు హబ్ మీదే ఎక్కువ నమ్మకం పెట్టుకున్నారు. స్టర్మీ-ఆర్చర్ అనే ఇంగ్లండు కంపెనీ మూడు గేర్ల హబ్‌ల పెంకు మీద తయారైన సంవత్సరం, నెల అంకెల్లో చెక్కి ఉంటాయి కాబట్టి, మీ హబ్ ఆ రకానిదైతే 72 (అంటే 1972) అన్న గుర్తు 1955 నాటి అసలు భాగం అన్న మాటను నేరుగా కాదంటుంది. కానీ చక్రం మీరే విప్పించి కట్టించారు. హబ్‌ను మీరే మార్చారని వాళ్లు ఒక్క మాట అంటే ఆ సాక్ష్యం బలం సగానికి పడిపోతుంది. సైకిలు ఇంటికి వచ్చిన రోజున తీసిన ఫొటోలు ఉన్నాయేమో, కేటలాగు ఫొటోను పెద్దది చేస్తే ఆ అంకె కనిపిస్తుందేమో ముందు చూడండి. చక్రాలు కట్టిన మెకానిక్ పాత హబ్‌నే వాడానని రాసి సంతకం చేసి ఇస్తే అదీ పనికొస్తుంది.

మీ కేసుకు అసలు బలం సీటు గొట్టం, అంటే సీటు రాడ్డు దిగే ఫ్రేమ్ గొట్టం. మీరు గానీ, మెకానిక్ గానీ దాన్ని మార్చగలిగే అవకాశమే లేదు. ఇంగ్లీషు ఫ్రేముల్లో సీటు గొట్టం బయటి వ్యాసం సాధారణంగా 28.6 మిల్లీమీటర్లు. 531 బటెడ్ గొట్టం గోడ పలుచన కాబట్టి అందులో పట్టే రాడ్డు మామూలుగా 27.2 మిల్లీమీటర్లు ఉంటుంది. 25.4 రాడ్డు సరిగ్గా పట్టిందంటే గోడ మందం 1.6 మిల్లీమీటర్లు అన్నమాట. అంత మందం బరువైన మామూలు ఉక్కు గొట్టానిదే. గొట్టం మీద 531 స్టిక్కరు ఉన్నంత మాత్రాన అది రుజువు కాదు, ఆ స్టిక్కర్లకు నకళ్లు బజారులో దొరుకుతాయి. అయితే సన్నని రాడ్డు బిగించడానికి లోపల రేకు చుట్టి ఉంటే కొలత తప్పుతుంది, అవతలివారు మొదట పట్టుకునే లొసుగు అదే. కాబట్టి రేకు లేదని చూసి, గొట్టం లోపలి వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిపించి, ఫొటోలతో సహా రాతపూర్వక నివేదిక తీసుకోండి. పెడల్ ఇరుసు ఉండే పెట్టె అడుగున ఫ్రేమ్ నంబరు ఉంటుంది. చాలామంది చేతిపని తయారీదారులు అదే నంబరును ముందు ఫోర్కు గొట్టం మీద కూడా కొట్టేవారు. రెండు నంబర్లూ కలవకపోతే ‘అన్నీ అసలువే’ అన్న మాటకు అది మరో దెబ్బ. నంబరు కోసం రంగు గీకించవద్దు. సీటు రాడ్డు గానీ ఫోర్కు గానీ సుత్తితో కొట్టి తీయించవద్దు. ఇప్పుడు ఉన్న స్థితే మీ సాక్ష్యం.

కేటలాగు వెబ్ పేజీ రేపు మారిపోవచ్చు. దాన్ని, వాట్సాప్ సందేశాలను, చెల్లింపు రసీదును ఈ రోజే భద్రపరచండి. ఎలక్ట్రానిక్ కాపీలు సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతపరచాలి. ఫోనులో మాట్లాడిన దానికి సాక్ష్యపు విలువ అంతంత మాత్రమే కాబట్టి ఇకపై ఏం అడిగినా రాతలోనే అడగండి.

మీ మిత్రుడు చూపిన దారి గురించి స్పష్టంగా చెబుతున్నాను. ఆ వర్ణన అబద్ధమని మీకు ఇప్పుడు తెలుసు. తెలిసి కూడా అదే కేటలాగు చూపించి మహబూబ్‌నగర్ వ్యక్తికి అమ్మితే, భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం కేసులో ముద్దాయి మీరే అవుతారు. దానికి శిక్ష ఏడేళ్ల దాకా ఉంది. పైగా వేలం సంస్థ మీద మీరు వేయదలచిన కేసు కూడా ఆ రోజుతో పోతుంది. ఆ ఆలోచన వెంటనే మానుకోండి.

‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతును చూసి బెదరకండి. దాన్ని వస్తువు పాతబడిన తీరుకు, అరుగుదలకు వర్తింపజేయవచ్చు కానీ, 531 గొట్టాలని పేరు పెట్టి చెప్పిన మాటకు వర్తించదని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. షరతుల పత్రం మొత్తం నాకు పంపండి, కేటలాగులో ‘అని చెబుతున్నారు’ వంటి మాట ఎక్కడైనా ఉందేమో చూడాలి. అసలు అమ్మినవారెవరో సంస్థ చెప్పకపోతే, యజమాని పేరు వెల్లడించని ఏజెంటే స్వయంగా బాధ్యుడని కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ కింద భావించవచ్చు. అందుకని నోటీసులో మొదటి ప్రశ్నగా అమ్మినవారి పేరు అడగండి.

నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడం మేలు. ఫిర్యాదుదారు నివసించే చోటే వేయవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చెబుతోంది కాబట్టి హైదరాబాద్ తిరగనక్కరలేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి రుసుమూ లేదు. సొంతానికే కొన్నారని చెప్పగలగాలి, తిరిగి అమ్మడానికి కొన్నవారు వినియోగదారు నిర్వచనంలోకి రారు. ధరలో తేడాను ప్రధానంగా అడిగి, ధర వాపసును ప్రత్యామ్నాయంగా కోరండి. కమిషన్‌కు ఆ అధికారం ఉంది కానీ, చక్రాలు మార్పించిన తర్వాత దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మనోవేదనకు 5 లక్షలన్నది కొన్న ధరకు రెండింతలు దాటిన మొత్తం, అది ఫిర్యాదునే పలుచన చేస్తుంది. కమిషన్ సబబనుకున్న మొత్తం ఇప్పించమని అడగండి చాలు. విలువలో తేడా నిరూపించడానికి, 531 గొట్టాలతో చేత్తో కట్టిన ఆ కాలపు సైకిళ్లు ఇటీవల ఎంతకు అమ్ముడుపోయాయో రుజువులు సేకరించండి.

కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. దాన్ని నవంబరు నుంచి లెక్కపెట్టుకోకండి, సైకిలు అప్పగించిన 2025 మార్చి నుంచే లెక్కపెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. సివిల్ దావాకు మూడేళ్లు ఉన్నా, కోర్టు ఫీజు కట్టి ఆ దారిన వెళ్లాల్సిన పని మీకు లేదు. నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు, సంస్థ వారు ‘చూస్తాం, మాట్లాడదాం’ అన్నా ఆగదు. కొలతల నివేదిక అందిన వారంలోగా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు గడువు ఇవ్వండి, జవాబు రాకపోతే ఫిర్యాదు దాఖలు చేయండి. అప్పటిదాకా సైకిలును తొక్కవద్దు, ఏ భాగాన్నీ మార్చవద్దు, పాత స్పోకులు, పాత సీటు మెకానిక్ దగ్గర ఇంకా ఉంటే వెంటనే తెచ్చి దాచండి.