పుష్యంలో ఇల్లు కదలడం లేదంటే...

అన్నా, హన్మకొండలో ఇల్లు అమ్మకానికి పెట్టి నెల దాటింది, చూసినోళ్లు మళ్లీ ఫోన్ చేయట్లేదు, రేటు తగ్గించాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. పుష్యమాసం శూన్యమాసమని మన దగ్గర చాలామంది అడ్వాన్స్ కూడా ఇవ్వరు. ఇల్లు నచ్చినా "మాఘం రానీ" అంటారు. అది బేరం కాదు, నమ్మకం.

అయితే చూపించడం ఆపకండి. కొనేవాళ్ల పిల్లలు అమెరికాలో ఉంటే, చాలామంది సెలవులకు వచ్చేది డిసెంబర్, జనవరిలో. ఇంట్లో అందరూ కలిసి చూసేది అప్పుడే. పొద్దున మంచులో, సాయంత్రం ఆరు తర్వాత రమ్మనకండి. పదకొండు నుంచి మూడు మధ్య పిలిస్తే హాల్లో ఎండ పడుతుంది, ఇల్లు వెచ్చగా అనిపిస్తుంది. వానాకాలం చెమ్మ మరకలుంటే ఇప్పుడే గోడ బాగా ఆరిందో లేదో చూసి రంగు వేయించండి. తడి మీద వేస్తే మళ్లీ పొక్కుతుంది, మా ఇంట్లో అదే అయింది.

ఈలోగా ఈసీ (ఇంటి మీద తాకట్లు, పాత రిజిస్ట్రేషన్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు), ఇంటి పన్ను రసీదు సిద్ధం చేసుకోండి. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు మీకిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (మీ పేరున ప్రభుత్వానికి కట్టే ఆదాయ పన్ను) పట్టుకుంటారు, ఆ మాట ముందే అనుకోండి. మేడారం జాతర ఉన్న ఏడాదైతే ఆ వారం ఎవరూ దొరకరు! మాఘంలోనూ ఎవరూ రాకపోతే అప్పుడు రేటు సంగతి చూద్దాం.