చోసిన్ జాకెట్ గురించి మీ సందేహానికి సమాధానం

నమస్కారం. మీరు కొన్న అమెరికన్ సైనిక జాకెట్‌ను 1950 చలికాలంలో కొరియా యుద్ధంలో, చోసిన్ జలాశయం దగ్గర జరిగిన పోరులో ఒక సైనికుడు తొడిగాడని అమ్మినవారు చెప్పారనీ, లోపలి లేబుల్ చెరిగిపోయిందనీ రాశారు. లేబుల్ లేకపోయినా ముందువైపు బిగింపును బట్టి విషయం తేల్చవచ్చు. మీరు వర్ణించినట్టు జిప్పు, దాన్ని కప్పే పట్టీకీ జేబుల మూతలకూ టిచ్ బటన్లు ఉంటే, కాలర్ కోటు కాలర్‌లా మడిచి ఉంటే, అది ఎం-1951 నమూనా, అంటే 1951లో వచ్చినది. అంతకు ముందరి ఎం-1943, ఎం-1950 జాకెట్లకు ముందువైపు గుండీలే ఉండేవి. చోసిన్ పోరు 1950 డిసెంబరులోనే ముగిసింది కనుక అమ్మినవారి మాట నిలవదు.

అయినా నిరాశపడకండి. చోసిన్‌లో చలి శత్రువుతో సమానంగా సైనికులను దెబ్బతీసింది. రబ్బరు అడుగున్న బూట్లలో చెమట గడ్డకట్టి ఎందరి పాదాలో మంచుకాటుకు గురయ్యాయి. ఆ తర్వాత వచ్చిన మెరుగైన దుస్తుల తరానికి చెందినది మీ జాకెట్. లోపల లైనర్ (వెచ్చదనం కోసం వేసే లోపలి పొర) తగిలించే చిన్న గుండీలు మిగిలి ఉన్నాయేమో చూసి, వాటిని మాత్రం మార్చకుండా అలాగే ఉంచండి.