సిమెంటుతో రాయి చెక్కాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గోడ మీద సిమెంటు పూసి, అచ్చం రాళ్ళ గోడలా కనిపించేలా చెక్కే పని నేర్చుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు తాపీ పక్కన పెట్టి రాళ్ళు చూడు. ప్రకాశం జిల్లాలో పుట్టినవాడికి ఈ విషయంలో కొదవ లేదు. చీమకుర్తి వెళ్ళి క్వారీ బయట పడేసిన గ్రానైటు దిమ్మ విరిగిన వైపు చూడు. పొరలుండవు, గరుకుగా, పలుకులు పలుకులుగా ఉంటుంది. ఆ తర్వాత మార్కాపురం వెళ్ళు. అక్కడి పలక రాయి పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా లేస్తుంది, అంచు కోసుకుపోయేలా ఉంటుంది. భైరవకోనకూ వెళ్ళు. కొండను తొలిచిన ఆ ఎనిమిది గుళ్ళకూ దణ్ణం పెట్టుకున్నాక, ఉలి తగలని కొండ ముఖం దగ్గర ఓ గంట కూర్చో. నీళ్ళు కారిన చోట రంగు ఎలా మారింది, బీట ఎక్కడ మొదలై ఎక్కడ సన్నబడింది, అరచెయ్యి ఆనించి మరీ చూడు.

ఇదంతా ఎందుకంటే, పైన గ్రానైటులా, కింద పలక రాయిలా చెక్కిన గోడలు చాలా చూశాను. చూసేవాడికి తప్పేమిటో తెలియదు గానీ, రాయి కాదని మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. ఏ రాయి చేస్తున్నావో తేల్చుకున్నాకే సిమెంటు, ఇసుక మాలు కలుపు.

గోడ సంగతి నీకు తెలిసిందే. పాత గోడైతే సున్నం, రంగు గీకేసి, గాట్లు కొట్టి, చికెన్ మెష్, అదే కోళ్ళ గూళ్ళకు కట్టే సన్న ఇనుప జాలీ, మేకులతో బిగించు. బాగా తడిపి, అరంగుళం మందాన మొదటి పూత వేసి, గరుకు గీతలు గీసి వదిలెయ్. చెక్కే పూత దాని మీద అంగుళం, మహా అయితే అంగుళంన్నర. రాయి ఇంకా ముందుకు పొడుచుకు రావాలంటే లోపల ఊచలు కట్టుకోవాలి, మాలునే నమ్ముకుంటే ఓ రోజు ఊడి ఎవరి నెత్తి మీదో పడుతుంది.

చెక్కే పూతకు ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ళు సన్నగా జల్లించిన పెన్నా ఇసుక, కొంచెం తడి సున్నం. సున్నం వల్ల మాలు వెన్నలా కోతకు వస్తుంది. 50 కిలోల బస్తాకి సిమెంటులో కలిపే ప్లాస్టిక్ పీచు 125 గ్రాముల ప్యాకెట్ ఒకటి వెయ్యి. సిమెంటు పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు) తీసుకో, కొంచెం నిదానంగా బిగుస్తుంది కాబట్టి నేర్చుకునేవాడికి టైమ్ దొరుకుతుంది. కొత్తపట్నం వైపు, సముద్రం ఒడ్డున పనులు వస్తే ఉప్పు బోరు నీళ్ళు, సముద్రపు ఇసుక మాత్రం వాడకు. నువ్వు వేసిన రంగు మీద తెల్లగా ఉప్పు తేలుతుంది.

ఇక అసలు విషయం, టైమ్. నా తొలి రోజుల్లో కావలిలో ఒక ప్రహరీ ఒప్పుకున్నాను. రోహిణీ కార్తె, పడమటి గాలి నిప్పులా కొడుతోంది. నలభై అడుగుల గోడకు పొద్దున్నే పూత మొత్తం వేయించేశాను. పది అడుగులు చెక్కేసరికి మిగతాదంతా బిర్రబిగిసిపోయింది. ఉలి పెడితే జారిపోతోంది. చెక్కినదైనా దక్కిందా అంటే అదీ లేదు, వారం తిరక్కుండా వెంట్రుక బీటలు. సిమెంటు గట్టిపడటం వేరు, ఎండిపోవడం వేరు. గట్టిపడటానికి దానికి నీళ్ళు కావాలి, ఆ నీళ్ళు గాలి తాగేసింది. నలభై అడుగులూ పగలగొట్టి నా డబ్బుతో మళ్ళీ చేశాను. ఇంటాయన ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ.

కాబట్టి నువ్వు రెండు గంటల్లో చెక్కగలిగినంతే పూయించు. మొదట్లో పది చదరపు అడుగులు చాలు. పడమర గోడ పొద్దున, తూర్పు గోడ మధ్యాహ్నం పెట్టుకో, నీడ పట్టా కట్టుకో. బిగుసుకుంటున్న మాలులో మళ్ళీ నీళ్ళు పోసి కలపకు, పారెయ్.

ఎప్పుడు మొదలుపెట్టాలో బొటనవేలే చెబుతుంది. గోడకు నొక్కి చూడు. మాలు వేలికి అంటుకుంటే ఆగు. అచ్చు నిలబడి, వేలు శుభ్రంగా వచ్చిందా, ఇక ఆలస్యం చెయ్యకు. అప్పుడు కత్తి పెడితే మాలు బురదలా సాగదు, కొబ్బరి కోరులా పొడిపొడిగా రాలుతుంది. ఆ రాలడం చూడటం కోసమే నేను ఇన్నేళ్ళు ఈ పని చేశానేమో అనిపిస్తుంది.

ముందు రాళ్ళ మధ్య సందులు కొయ్యి. నాలుగు మూలలు ఒకేచోట కలవకూడదు. కొలతలు ఒకేలా ఉండకూడదు, పెద్ద రాయి పక్కన చిన్నది ఇరుక్కున్నట్టు ఉండాలి. మీ ఊళ్ళో పాత బావి ఒర ఉంటే అది చూడు, అన్నీ అందులోనే ఉన్నాయి. సందు లోపలి వైపు కొంచెం ఏటవాలుగా కోస్తే నీడ పడుతుంది, ఆ నీడే రాయికి బరువు తెస్తుంది. ముఖానికి గరుకు కావాలంటే పాలిథిన్ కాగితం పరిచి, నిజమైన రాయి ముక్కతో అక్కడక్కడా నొక్కు. ఒకే ముక్కను ఒకే వైపు తిప్పి నొక్కితే మాత్రం అచ్చు దొరికిపోతుంది. చివర్లో పొడి బ్రష్‌తో దులుపు.

మర్నాటి నుంచి ఏడు రోజులు తడి గోనెపట్టాలు ఆరనివ్వకు. పూర్తిగా ఆరాకే రంగు. ఆక్సైడ్ రంగు పల్చగా కలిపి ముందు ముదురుది సందుల్లోకి పోనిచ్చి, పైది స్పాంజితో తుడిచెయ్, తర్వాత లేతది ఎత్తుల మీద. చిక్కగా వేస్తే నీ చెక్కుడంతా పెయింటు కింద పోతుంది.

చేతులకు గ్లౌజులు తప్పనిసరి. సున్నం, సిమెంటు కలిసి వేళ్ళ సందులు తినేస్తాయి. నా చేతులు చూశావుగా.

ఇప్పుడే ఎవరి గోడా ఒప్పుకోకు. రెండడుగుల చదరం సిమెంటు రేకు ముక్కల మీద ఒక ఆరు నమూనాలు చేసి, సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా. మొదటిది బాగా రాలేదని పారేయకు, అది కూడా తేవాలి.

ఉంటాను,
మామయ్య